హైదరాబాద్‌లో చలికాలంలో నిజంగా ఫ్లెమింగోలు కనిపిస్తాయా?

కనిపిస్తాయి, జూకో పులికాట్‌కో వెళ్లక్కర్లేదు, నగరం పక్కన చెరువులకే కొన్ని గుంపులు వస్తుంటాయి. కారణం నీటి లోతు. వానలు ఆగాక చెరువు అంచుల్లో నీళ్లు తగ్గి, మోకాలి లోతు బురద నీళ్లు మిగులుతాయి, ఫ్లెమింగోకి కావలసింది అదే. అది తలను తలకిందులుగా నీళ్లలో ముంచి, కాళ్లతో బురదను రేపుతూ, ముక్కులోకి నీళ్లు పీల్చి, అంచుల్లో ఉండే జల్లెడలాంటి పొరలతో నాచునీ చిన్న పురుగుల్నీ వడకట్టి నీళ్లు బయటికి వదిలేస్తుంది. అందుకే చెరువు నిండుగా ఉన్న ఏడాది పెద్దగా రావు.

ఉదాహరణకి మియాపూర్ దాటాక అమీన్‌పూర్ చెరువు. దీన్ని 2016లో జీవవైవిధ్య వారసత్వ ప్రదేశంగా గుర్తించారు. తెల్లారేసరికి బైనాక్యులర్స్‌తో వెళ్లండి, ఎండెక్కితే నీళ్ల మీద మెరుపు తప్ప ఏమీ కనపడదు.

చాలామంది పొరబడేది ఎక్కడంటే, ఇవి సైబీరియా నుంచి గుడ్లు పెట్టడానికి వస్తాయనుకుంటారు. రెండూ తప్పే. సైబీరియా వైపు నుంచి వచ్చేవి కొన్ని బాతులు, ఉల్లంకి పిట్టలలాంటివి. ఫ్లెమింగోలు మన దేశంలో గుడ్లు పెట్టేది ముఖ్యంగా గుజరాత్ కచ్ రణ్‌లో, బురదతో గుట్టలాంటి గూడు కట్టి సాధారణంగా ఒకే ఒక్క గుడ్డు. ఇక్కడికి తిండి కోసమే వస్తాయి. ఇంకోటి, బూడిద రంగులో కనిపిస్తే వేరే పక్షి అనుకోకండి, అవి పిల్లలు, తిండిలోని రంగు పదార్థాల వల్ల గులాబీ ఛాయ మెల్లగా వస్తుంది.