ఫ్రిజ్ ఎక్కించే ముందు ఆ పియానో చూడు

చిరంజీవి మేనల్లుడికి మామయ్య ఆశీస్సులు.

నువ్వు పంపిన తొమ్మిది నిమిషాల సినిమా రెండుసార్లు చూశాను. లిఫ్ట్ పాడైన అపార్ట్‌మెంట్‌లో ఇద్దరు కుర్రాళ్లు నాలుగో అంతస్తుకి ఫ్రిజ్ ఎక్కించడం. ఆలోచన బాగుంది, నవ్వు మాత్రం రాలేదు. అడిగావు కాబట్టి చెబుతున్నాను, నొచ్చుకోకు. వాళ్లు పదకొండుసార్లు పడ్డారు, లెక్కపెట్టాను. పడిన ప్రతిసారీ "టొయ్" మని ఒక శబ్దం వేశావు. ఏడోసారికి మీ అత్తయ్య లేచి వంటింట్లోకి వెళ్లిపోయింది.

మళ్లీ తీస్తానంటున్నావు గనక, కెమెరా ముట్టుకునే ముందు పాత హాలీవుడ్ హాస్య జంట లారెల్, హార్డీల 'ది మ్యూజిక్ బాక్స్' చూడు. 1932లో వచ్చింది, అరగంట లోపే. నిర్మాత హాల్ రోచ్, దర్శకుడు జేమ్స్ పారట్. కామెడీ లఘుచిత్రాలకు మొట్టమొదటి ఆస్కార్ దీనికే వచ్చింది. కథ దాదాపు నీదే. ఇద్దరు మనుషులు, ఒక బరువు, బోలెడు మెట్లు. ఫ్రిజ్ బదులు పెట్టెలో పియానో. నేను మద్రాసులో అసిస్టెంట్ ఎడిటర్‌గా ఉన్న రోజుల్లో ఒక ఫిల్మ్ సొసైటీలో మొదటిసారి చూశాను. గీతలు పడిన ప్రింట్, అయినా హాలంతా పొట్ట పట్టుకుంది.

ఆ మెట్లు సెట్ కాదు. లాస్ ఏంజెలెస్‌లో సిల్వర్ లేక్ అనే పేటలో ఉన్నాయి, 133 మెట్లు, ఇప్పటికీ జనం ఎక్కి దిగుతున్నారు. ఇంకో సంగతి. 1927లో వీళ్లిద్దరే, ఆ మెట్ల మీదే, వాషింగ్ మెషీన్ మోస్తూ 'హ్యాట్స్ ఆఫ్' అనే మూకీ చేశారు. ఆ సినిమా ఇప్పుడు దొరకదు, ప్రింట్లు పోయాయి. నాలుగైదేళ్లకు అదే సరుకు మళ్లీ తీసుకుని ఇంకా బాగా చేశారు. అందుకే చెబుతున్నా, నీ ఫ్రిజ్‌ని పారెయ్యకు.

నీ సినిమాలో నాకు మొదటి నిమిషంలోనే దొరికిపోయిన తప్పు, ఫ్రిజ్‌కి బరువు లేదు. అది ఖాళీ డబ్బా అని ఆ కుర్రాళ్ల మెడలు చెబుతున్నాయి. ఒకరోజు పొద్దున్నే మార్కెట్ యార్డుకి వెళ్లి హమాలీలను చూడు. తలగుడ్డ ఎలా చుడతారు, బస్తా లేపే ముందు కాళ్లు ఎలా సర్దుకుంటారు, ఇద్దరు కలిసి ఎత్తాల్సి వస్తే మాట ఎవరు ఇస్తారు, అలసిపోయినవాడు ఎక్కడ ఆగుతాడు. లారెల్, హార్డీలు పెట్టెను ఒక్కో మెట్టు ఎక్కిస్తుంటే మన భుజాలు పీకుతాయి. అది చేయి జారి కిందికి దొర్లుతుంటే లోపల పియానో తీగలు గలగలమంటాయి. ఆ గలగలతోనే సగం నవ్వు. నువ్వు ఆ "టొయ్" తీసేసి, ఫ్రిజ్ లోపల ఎవరో మరిచిపోయిన సీసా ఒకటి దొర్లుతున్న చప్పుడు పెట్టి చూడు.

బరువు కనిపించాలి, ఉండకూడదు. ఇది గట్టిగా చెబుతున్నాను. నేను పనిచేసిన ఒక సినిమాలో సహజంగా ఉంటుందని నిజం ఇనప బీరువానే మెట్ల మీద నుంచి దొర్లించారు. అది పక్కకి తిరిగి లైట్‌బాయ్ పాదం మీద పడింది. ఆ షాట్ సినిమాలో ఉంది, హాల్లో నవ్వారు కూడా. దాన్ని టేబుల్ మీద కట్ చేసింది నేనే. ఆ అబ్బాయి తర్వాత సరిగ్గా నడవలేదు. కాబట్టి నీ ఫ్రిజ్‌లోంచి కంప్రెసర్ తీసేయించు, వెనక తాడు కట్టు, ఆ తాడు పట్టుకోవడానికి ఇద్దరు పెద్దవాళ్లను పెట్టు, ఫ్రేమ్ బయట పరుపులు వెయ్యి. పడే షాట్లు సాయంత్రం అందరూ అలసిపోయాక తియ్యకు.

ఇక పడటం గురించి. నువ్వు ఒకటి పడగానే కట్ చేసి ఇంకోదానికి పరిగెత్తావు. ఆ పియానో సినిమాలో పిల్లాడి బండి తోసుకుంటూ ఒక ఆయా పైనుంచి వస్తుంది. ఈ ఇద్దరూ మర్యాదకి దారి ఇవ్వబోతారు, పెట్టె జారిపోతుంది. నవ్వు అక్కడితో అయిపోదు. ఆయా పకపకా నవ్వుతుంది, లారెల్‌కి కోపం వచ్చి ఆమెను తన్నుతాడు, చివరికి పాలసీసా హార్డీ నెత్తిన పగులుతుంది. మూలిగే నక్క మీద తాటిపండు పడటమంటే అదే. మనకు తాటిపండు కంటే నక్క ముఖ్యం, దాని మూలుగు ముందే వినపడాలి. పడ్డాక హార్డీ కెమెరాలోకి సూటిగా మనకేసి చూస్తాడు చూడు, ఆ చూపుని ఎంతసేపు ఉంచారో గడియారం పెట్టి చూసుకో.

ఆ నిడివి ఊరికే కుదరలేదు. గ్యాగులు, అంటే నవ్వించే చిన్న చిన్న ఘట్టాలు అల్లడంలో, ఎడిటింగ్‌లో లారెల్ చెయ్యే ఎక్కువ. షూటింగ్ అయ్యాక హార్డీ గోల్ఫ్‌కి వెళ్లేవాడు, లారెల్ ఎడిటింగ్ గదికి వెళ్లేవాడు. (నేను ఎడిటర్ని, ఎవరి పక్షమో నీకు తెలుసు.) సినిమాలను ముందు మామూలు జనానికి వేసి, ఎక్కడ ఎంత నవ్వారో చూసుకుని, ఆ నవ్వులో తర్వాతి మాట కొట్టుకుపోకుండా షాట్లు సర్దేవారు. వీలైనంతవరకు కథ వరసలోనే తీయడం కూడా లారెల్ పద్ధతి. నువ్వూ అలాగే తియ్యి. నాలుగో అంతస్తుకి వచ్చేసరికి చొక్కా దానంతటదే నలుగుతుంది.

ఆ సినిమాలో మెట్ల మీద దారి ఇవ్వమని గొడవపడిన ప్రొఫెసర్ ఒకాయన ఉంటాడు, బిల్లీ గిల్బర్ట్ వేశాడు. ఆయన టోపీని మెట్ల కిందికి పడేస్తారు, దాన్ని లారీ తొక్కేస్తుంది. తీరా చూస్తే పియానో చేరాల్సింది ఆయన ఇంటికే. నీ కథలో మెట్లన్నీ ఖాళీగా ఉన్నాయేం? వాటర్ క్యాన్ అబ్బాయి, అసోసియేషన్ ప్రెసిడెంటు, గుడికి బయల్దేరిన బామ్మ, వీళ్లలో ఒకరితో రెండో అంతస్తులో గొడవపెట్టు. ఫ్రిజ్ ఆ మనిషిదే అయితే సరి.

అన్నిటికంటే నాకు నచ్చింది పోస్ట్‌మ్యాన్ చెప్పే మాట. వాళ్లు పైదాకా చేర్చాక, చుట్టూ రోడ్డు ఉంది కదా, బండిలోనే రావచ్చుగా అంటాడు. వెంటనే ఏం చేస్తారో తెలుసా? పియానోను మళ్లీ 133 మెట్లూ దించి, బండికెత్తి, రోడ్డు మీదుగా తీసుకొస్తారు! వాళ్ల లెక్కలో అదే సరైన పని. నీ కుర్రాళ్లకి అలాంటి లెక్క ఏదీ లేదు, నువ్వు పడమన్నావని పడుతున్నారు. వాళ్లు దేన్ని గుడ్డిగా నమ్ముతున్నారో ఒక్క వాక్యం రాసి నాకు పంపు, షూటింగ్ తేదీ ఆ తర్వాత పెట్టుకుందాం.

రఫ్ కట్, అంటే తొలి కూర్పు అయ్యాక ఫోన్‌లో పంపకు. ఆదివారం మా సెల్లార్‌లో దుప్పటి కట్టి వేద్దాం, పిల్లల్ని నేను పోగేస్తాను. నువ్వు తెరకి వీపు పెట్టి, వాళ్లకెదురుగా కూర్చో. కాగితం, పెన్ను తెచ్చుకో.

మీ మామయ్య