కిటికీ రెక్క ఎటు తెరవాలి?

ప్రశ్న: మలికిపురం దగ్గర ఇల్లు కడుతున్నాం. గుమ్మాలు ఎత్తాం, కిటికీలు ఇంకా చేయించలేదు. హైదరాబాదులో ఉండే మా అబ్బాయి పక్కకు జరిపే అద్దాలు పెట్టమంటున్నాడు. మేస్త్రీ బందులతో తెరుచుకునే రెక్కలే మేలంటున్నాడు. రెక్కలైతే లోపలికి తెరవాలా, బయటికా? – ఒక గృహిణి

జవాబు: మీ మేస్త్రీ మాటే వినండమ్మా. జరిపే కిటికీ ఎప్పుడూ సగమే తెరుచుకుంటుంది. రెక్కల కిటికీకి ఎంత చట్రం ఉంటే అంత గాలి. మే నెలలో కరెంటు పోయిన రాత్రి ఆ తేడా ఎంతో కోనసీమ వాళ్లకు చెప్పనక్కర్లేదు.

రెక్కలు బయటికే తెరవండి. తుపాను గాలి బయటి నుంచి తోస్తే అవి చట్రానికి ఇంకా బిగుసుకుంటాయి. లోపలికి తెరిచే రెక్కయితే ఆ తోపంతా గడియ మీదే పడుతుంది. 1996 నవంబరు 6 రాత్రి తుపాను కొట్టాక మా నాన్నగారితో కలిసి ఊరూరా కిటికీలు బాగుచేశాను. గడియ మరలు చెక్కతో సహా ఊడొచ్చినవి ఎక్కువగా లోపలికి తెరిచేవే. అయితే తుపాను దాటుతున్నప్పుడు గాలి దిశ మారి, రెక్కను బయటికి లాగుతుంది కూడా. అందుకని ప్రతి రెక్కకూ పైనొకటి, కిందొకటి గడియ ఉండాలి. తెరిచినప్పుడు కొట్టుకోకుండా కొక్కెం తప్పనిసరి.

వంటింటికి మాత్రం పైన బందులుండి, కింది అంచు బయటికి లేచే రెక్క పెట్టించండి. జల్లు పడుతున్నా తెరిచే ఉంచవచ్చు, పొగ పోతుంది.

బందుల దగ్గర పొదుపు వద్దు. ఉప్పుగాలికి ఇనుప బందు తుప్పుపట్టి ఉబ్బుతుంది, మర చుట్టూ చెక్క చీలుతుంది, వానపడ్డప్పుడల్లా గోడ మీద ఎర్రటి చార దిగుతుంది. స్టీలు కొంటే 316 రకం అడగండి, అది ఉప్పుకు 304 కంటే బాగా ఆగుతుంది. ఇత్తడి కొంటే దుకాణానికి ఒక అయస్కాంతం పట్టుకెళ్లండి. ఇత్తడి పూత పూసిన ఇనుము దానికి అంటుకుంటుంది, అసలు ఇత్తడి అంటుకోదు. మరలు కూడా బందు ఏ లోహమో అదే ఉండాలి. ఇత్తడి బందుకు ఇనుప మర బిగిస్తే ముందు మరే పోతుంది.

చేవ ఉన్న టేకు అయినా వానాకాలంలో కాస్త ఉబ్బుతుంది. చెక్క నీరు పీల్చేది ముఖ్యంగా పై, కింది అంచుల దగ్గరే. రంగు వేసేవాళ్లు వదిలేసేదీ ఆ అంచులనే! రెక్క బిగించకముందే వాటికి రెండు పూతలు వేయించండి, మీరే దగ్గరుండి చూడండి.

చుట్టూ చేలు, కాలువలు ఉన్నప్పుడు దోమల వల ఎలాగూ కావాలి. బయట రెక్క, మధ్యలో ఊచలు, లోపల వల రెక్క. చట్రానికి రెండు వైపులా గాడి తీయాలి కాబట్టి, వెడల్పు చట్రం కావాలని వడ్రంగికి ఇప్పుడే చెప్పండి.

ప్రశ్న: మా అత్తగారికి ఎనభై దాటాయి. స్నానాల గది తలుపు ఎటు తెరవాలి? – ఒక కోడలు, రాజోలు

జవాబు: బయటికేనమ్మా. లోపల ఆవిడ తలుపుకు అడ్డంగా పడిపోతే, లోపలికి తెరిచే తలుపును ఎవరూ తోయలేరు. గడియ కూడా బయటి నుంచి తీయగలిగేదే బిగించండి.