డెట్రాయిట్ ఆ రోజు కిక్ వేసుకోవాల్సిందా? రెండు పాయింట్లకి ఎప్పుడు వెళ్ళాలి?

అమెరికన్ ఫుట్‌బాల్‌లో బంతిని ఎదుటివాళ్ళ గోల్ గీత దాటిస్తే టచ్‌డౌన్, ఆరు పాయింట్లు. ఆపైన కిక్ వేసి ఒక పాయింట్ తీసుకోవచ్చు, లేదా ఒక్క ఆట (ప్లే) ఆడి బంతిని మళ్ళీ గీత దాటించి రెండు తీసుకోవచ్చు. 2023 డిసెంబర్ 30న ఆర్లింగ్టన్‌లో డల్లాస్ మీద చివర్లో టచ్‌డౌన్ కొట్టి, సమం చేసే కిక్ వదిలేసి రెండు పాయింట్లకి వెళ్ళి డెట్రాయిట్ 20-19తో ఓడింది. అది కోచ్ తప్పే కదా అని అడిగారు. మొదటిసారి వెళ్ళడం తప్పు కాదు. రిఫరీ తప్పు పట్టి జెండా విసిరాక మళ్ళీ వెళ్ళడమే తప్పు.

టచ్‌డౌన్ పడేసరికి 23 సెకన్లే మిగిలాయి. 2015 నుంచి ఈ జట్లు ఆడే లీగ్ ఎన్ఎఫ్ఎల్‌లో బంతిని 15 యార్డ్ లైన్ దగ్గర (గోల్ గీతకి 15 యార్డుల దూరంలో) పెట్టి కిక్ వేయిస్తున్నారు. కిక్కర్ ఇంకా వెనక నుంచి తన్నడం, గోల్ స్తంభాలు గీతకి అవతల ఉండటం కలిపితే 33 యార్డుల కిక్. అందులో వందకి దాదాపు 94 పడుతున్నాయి. రెండు యార్డ్ లైన్ నుంచి రెండు పాయింట్ల ప్రయత్నాలు వందకి 48 దాకా ఫలిస్తున్నాయి. కిక్ పడినా వచ్చేది ఓవర్‌టైమే, గెలుపు కాదు. ఓవర్‌టైమ్‌లో గెలుపు చెరిసగమనుకుంటే 94లో సగం 47. అటు 47, ఇటు 48. పరాయి మైదానంలో ఆడుతున్న జట్టు ఒక్క ఆటతో తేల్చుకోవాలనుకోవడంలో తప్పేముంది?

డెట్రాయిట్ క్వార్టర్‌బ్యాక్ (పాస్‌లు విసిరేవాడు) గోఫ్ విసిరిన బంతిని 68వ నంబర్ లైన్‌మన్ (ముందు వరసలో అడ్డుకునేవాడు) డెకర్ గోల్ గీత అవతలి ఎండ్‌జోన్‌లో పట్టేశాడు. కానీ 50 నుంచి 79 మధ్య నంబర్ వేసుకున్నవాడు పాస్ అందుకోవాలంటే ముందే రిఫరీకి చెప్పుకోవాలి. రిఫరీ ప్రకటించింది 70వ నంబర్ స్కిపర్‌ని. జెండా పడింది, బంతి రెండు నుంచి ఏడు యార్డ్ లైన్‌కి వెళ్ళింది. లెక్క మారిపోయింది ఇక్కడే. ఏడు యార్డుల నుంచి పరుగు పనికిరాదు, పాసే అని డిఫెన్స్‌కి తెలిసిపోతుంది. 48 అన్న అంకె అక్కడ చెల్లదు. ఆ దశలో కిక్‌కి మారొచ్చు. అయిదు యార్డులు వెనక్కి జరిగినా అది 38 యార్డుల కిక్కే. డెట్రాయిట్ కోచ్ క్యాంప్‌బెల్ మారలేదు. తర్వాత డల్లాస్ ఆఫ్‌సైడ్ అయ్యి (బంతి కదలకముందే గీత దాటి) మూడున్నర యార్డుల నుంచి ఇంకో అవకాశం వచ్చినా పాస్ అందలేదు. ఇన్నాళ్ళయినా డల్లాస్ పక్కన ఫ్రిస్కోలో, అర్వింగ్‌లో మనవాళ్ళు నలుగురు కలిస్తే రిఫరీ గురించే వాదించుకుంటారు. ఏడు యార్డుల సంగతి ఎవరూ ఎత్తరు.

నాకు ఇంతకన్నా బాధ కలిగించేది టీవీ వ్యాఖ్యాతలు ఏళ్ళ తరబడి నూరిపోసిన మాట: "ఇంకా చాలా టైముంది, పాయింట్ల వెంట పడకండి." 15 వెనకబడిన జట్టు నాలుగో క్వార్టర్‌లో టచ్‌డౌన్ కొట్టిందనుకోండి, తేడా 9. కిక్ వేస్తే 8, ఇంకొక్క స్కోర్ చాలు అంటారు. ఆ రెండు పాయింట్లు ఎప్పుడైనా ఒకసారి సాధించాల్సిందే కదా. ఇప్పుడే ప్రయత్నించి తప్పితే, ఇంకా రెండు స్కోర్లు కావాలని పది నిమిషాలు ఉండగానే తెలుస్తుంది. తొందరగా ఆడొచ్చు, టైమవుట్లు దాచుకోవచ్చు, ఆన్‌సైడ్ కిక్ (బంతి మళ్ళీ మనకే దక్కేలా వేసే పొట్టి కిక్) ఎప్పుడు వేయాలో చూసుకోవచ్చు. చివరి నిమిషంలో తెలిస్తే చేసేదేమీ ఉండదు.

14 వెనకబడి ఉన్నప్పుడు ఇంకా స్పష్టం. మొదటి టచ్‌డౌన్ తర్వాతే రెండుకి వెళ్ళాలి. వస్తే తేడా 6, తర్వాతి టచ్‌డౌన్‌కి మామూలు కిక్ పడితే గెలుపే. తప్పితే తేడా 8, రెండోసారి సాధిస్తే సమం. ఎదుటివాళ్ళు ఇక స్కోర్ చేయరనీ, ఓవర్‌టైమ్ చెరిసగమనీ అనుకుని పై అంకెలతోనే లెక్క కడితే గెలిచే అవకాశం 59 శాతం దాకా వస్తుంది. రెండుసార్లూ కిక్కే వేద్దామని కూర్చుంటే 46. జట్టు సత్తా 48 కాకుండా 40 శాతమే అయినా రెండుకి వెళ్ళడమే మేలు.

5 వెనకబడి టచ్‌డౌన్‌తో 1 ముందుకొస్తే కూడా వెళ్ళాలి. 1 ఉన్నా 2 ఉన్నా ఎదుటివాళ్ళ ఫీల్డ్ గోల్ (మూడు పాయింట్ల కిక్) ఓడిస్తుంది, 3 ఉంటే సమం మాత్రమే అవుతుంది. 2016 డిసెంబర్ 4న అట్లాంటా చేసింది ఇదే. 28-27 ఆధిక్యంలో రెండుకి వెళ్ళింది. మ్యాట్ రయాన్ పాస్‌ని కన్సాస్ సిటీ ఆటగాడు ఎరిక్ బెర్రీ మధ్యలో అందుకుని మైదానం ఆ చివరిదాకా పరిగెత్తాడు. 2015 నుంచి అలా తెస్తే డిఫెన్స్‌కి రెండు పాయింట్లు. 29-28, మ్యాచ్ పోయింది. నిర్ణయం సరైనదే, విసిరిన బంతి తప్పు. ఈ పరిస్థితిలో క్వార్టర్‌బ్యాక్‌కి ముందే గట్టిగా చెప్పాలి: మనిషి ఖాళీగా లేకపోతే బంతిని ప్రేక్షకుల్లోకి విసిరెయ్.

ఇంకొకటి చాలామంది కోచ్‌లు వదిలేసుకుంటారు. ప్రయత్నం సమయంలో డిఫెన్స్ ఆఫ్‌సైడ్ అయితే బంతి ఒక యార్డ్ లైన్‌కి వస్తుంది. కిక్ పడి పాయింట్ వచ్చాక కూడా దాన్ని వదులుకుని రెండుకి వెళ్ళొచ్చు. ఒక్క యార్డ్ అంటే క్వార్టర్‌బ్యాక్‌ని వెనక నుంచి తోస్తే సరిపోయే దూరం. అక్కడ తేడా ఎంతున్నా, మ్యాచ్ మొదట్లోనైనా సరే వెళ్ళాల్సిందే.

మిగతా సందర్భాల్లో, ముఖ్యంగా మొదటి సగంలో, రెండూ ఇంచుమించు ఒకటే. గాలి బలంగా వీస్తుంటే, కిక్కర్ ఆ రోజు ఒకటి తప్పి ఉంటే రెండువైపే మొగ్గండి. కాకపోతే వారానికి రెండు మూడు ఆటలే దీనికోసం సాధన చేయిస్తారు. ఎండ్‌జోన్‌తో కలిపి 12 యార్డులే చోటు కాబట్టి పొడుగు పాస్‌లు కుదరవు, ఒకసారి చూపించిన ఆట రెండోసారి పారడం కష్టం. మొదటి క్వార్టర్‌లోనే మంచిది వాడేస్తే, చివర్లో మిగిలిన ఆటతోనే నెట్టుకురావాలి.