నేపియర్ ముక్కలు కుళ్లిపోతుంటే

నాటిన నేపియర్ (పశువుల మేత గడ్డి) కాండం ముక్కలు కుళ్లిపోతున్నాయి, ముక్కల్లోనే లోపమా అని అడిగారు కదా. ముక్కల్లో లోపం లేదండి, నిలిచిన నీరే కారణం. అమలాపురం దగ్గర వరి మడిలో, ఈ వానల్లో, చదునుగా నాటానంటున్నారు. ఆ రేగడిలో నీరు రెండు మూడు రోజులు నిలిస్తే కణుపు నల్లబడి మెత్తబడుతుంది, లాగితే చేతికొచ్చేస్తుంది.

1. ముందు బోదెలు (కాలువల మధ్య ఎత్తు మట్టి గట్లు) తోలి, నీరు మురుగు కాలువలోకి పోయే దారి చూడండి. చాలామంది వదిలేసేది ఇదే, ఇది లేకుండా ఎన్నిసార్లు నాటినా డబ్బు దండగ.

2. మూడు నెలలు ముదిరిన కాండం నుంచి రెండేసి కణుపుల ముక్కలు కోసి బోదె పక్కన ఏటవాలుగా గుచ్చండి. ఒక కణుపు మట్టిలో, ఒకటి పైన. కన్ను (మొలక వచ్చే మొగ్గ) పైకి చూడాలి.

3. మొదటి కోత 75 రోజులకి, తర్వాత 45 రోజులకోసారి.

నీరు ఎప్పటికీ దిగిపోని పల్లపు మూలైతే అక్కడ పారాగడ్డి వేసుకోండి, అది నిలవ నీటిలోనూ బతుకుతుంది.