ట్యూబ్ పెట్టించే ముందు, వస్తువు చెయ్యి మారే చోటు చూడండి

మహబూబ్‌నగర్ నుంచి మీరు అడిగింది ఇదీ: నాలుగంతస్తుల ఆసుపత్రి, శాంపిళ్లు ల్యాబుకు, మందులు వార్డుకు, రక్తం థియేటర్‌కు టైముకు చేరట్లేదు. న్యూమాటిక్ ట్యూబ్ (డబ్బాలో పెట్టిన వస్తువును గాలి ఒత్తిడితో ఒక చోటి నుంచి ఇంకో చోటికి పంపే గొట్టం) పెట్టించాలా, వార్డ్ బాయ్‌లను పెంచాలా?

నేను నల్లగొండలో ఒక ప్రైవేటు ఆసుపత్రి ల్యాబులో పన్నెండేళ్లు పనిచేశాను. చివరి ఐదేళ్లు ఈ పంపకాల బాధ్యత కూడా నా మీదే ఉండేది. ట్యూబు, వార్డ్ బాయ్‌లు, ఈ రెండింటికంటే ముందు ఇంకోటి చూడాలంటాను. మా దగ్గర వస్తువులు ఎప్పుడూ దారిలో ఆగలేదు, బల్లల మీద ఆగాయి.

ఒక మే నెలలో జరిగింది చెప్తాను. మూడో అంతస్తులో ఉన్న ఒక షుగర్ పేషెంటుకు పొద్దున ఆరింటికి రక్తం తీశారు. వార్డ్ బాయ్ పది నిమిషాల్లో తెచ్చి ల్యాబు కిటికీ దగ్గర ట్రేలో పెట్టి పోయాడు. అతని పని అతను సరిగ్గానే చేశాడు. రాత్రి టెక్నీషియన్ అప్పుడు కాజువాలిటీ కేసుతో ఉన్నాడు. ఎనిమిదింటికి డ్యూటీ మారింది. పొద్దుటి డ్యూటీకి వచ్చినాయన ఆ ట్రేలోవి అయిపోయిన శాంపిళ్లనుకున్నాడు. మెషీన్‌లో పెట్టేసరికి తొమ్మిదిన్నర. రక్తం తీసిన చిన్న ట్యూబులో ఉన్నంతసేపూ రక్తకణాలు చక్కెరను తింటూనే ఉంటాయి. మామూలు గదిలోనే గంటకు 5 నుంచి 7 శాతం తగ్గుతుంది, ఎండలో ఇంకా ఎక్కువ. నల్లగొండలో ఫ్లోరైడ్ అనగానే ఎముకలు వంచిన నీళ్లే గుర్తొస్తాయి గానీ, ల్యాబులో బూడిద రంగు మూత ట్యూబులో ఉండేది ఆ ఫ్లోరైడే, చక్కెర తరగకుండా ఆపేది అదే. ఆ రోజు తీసింది ఆ ట్యూబులో కాదు. పైగా ఆ ట్యూబైనా మొదటి గంటా రెండు గంటలు పూర్తిగా ఆపలేదు. రిపోర్టు తక్కువ వచ్చింది, డాక్టర్ ఇన్సులిన్ తగ్గించారు, సాయంత్రానికి షుగర్ విపరీతంగా పెరిగింది. పెద్దాయన కోలుకున్నాడు. ఆయన కొడుకు "పొద్దుగాల మంచిగనే ఉండె గద సార్, ఏమైంది?" అని అడిగినప్పుడు నా దగ్గర జవాబు లేదు.

ఆ తర్వాత వారం రోజులు ఒక నోట్‌బుక్ పెట్టాను. ప్రతి శాంపిల్‌కు మూడు టైములు: సిస్టర్ తీసి పెట్టింది ఎప్పుడు, బాయ్ ఎత్తుకున్నది ఎప్పుడు, ల్యాబులో మనిషి చేతిలోకి తీసుకున్నది ఎప్పుడు. నడక నాలుగైదు నిమిషాలకు మించలేదు. మిగతాదంతా ఎదురుచూపే. వార్డులో పది శాంపిళ్లు కూడేదాకా ఒక ఎదురుచూపు, ల్యాబు ట్రేలో ఇంకోటి. మీరు కూడా ఇదొక్కటి చేయకుండా ఏదీ కొనకండి.

మేం మొదట ట్రే తీసేశాం. శాంపిల్‌ను మనిషి మనిషి చేతికే ఇవ్వాలి, తీసుకున్నవాళ్లు టైము రాసి సంతకం పెట్టాలి, బల్ల మీద పెట్టి పోకూడదు. మొదట్లో అందరూ విసుక్కున్నారు. నెలలో అలవాటైంది. రెండోది, ఆర్టీసీ బస్సులాగా రౌండ్లు పెట్టాం. దేవరకొండ బస్సు నిండినా నిండకపోయినా టైముకు కదిలినట్టే, అరగంటకోసారి ఒక మనిషి పై అంతస్తు నుంచి కిందికి వస్తాడు, శాంపిల్ ఒకటే ఉన్నా తీసుకుంటాడు. దాంతో "అన్నా, జర ఇటు రా" అనే ఫోన్లు చాలావరకు ఆగాయి. అర్జెంటు వాటికి వేరే మనిషి, అతనికొక ఫోను, ఎర్ర డబ్బా. అతన్ని టీలకు, బిల్లు కాగితాలకు పంపకూడదని మేనేజర్ చేత రాయించుకున్నాను. ఇది చాలా ముఖ్యం. ఖాళీగా కూర్చున్నట్టు కనిపించే మనిషిని ఎవరో ఒకరు వాడుకుంటారు, సరిగ్గా అప్పుడే కాజువాలిటీలో అవసరం పడుతుంది.

ఈ ఆలోచనల్లో సగం మా ఆయమ్మవి. "సార్, నాలుగింటికెల్లి ఆరింటి దాంక లిఫ్టు మనకు దొరకదు, సుట్టాలొస్తరు" అని ఆమె చెప్పేదాకా సాయంత్రం ఆలస్యాలకు కారణం నాకు తట్టలేదు. ఆ రెండు గంటలు ర్యాంపు మీదుగా రమ్మన్నాం. మోసేవాళ్లను కూర్చోబెట్టి అడగండి, మీరు అనుకోనివి చెప్తారు.

రక్తం విషయంలో ఇంకా గట్టిగా ఉండాలి. ఎర్రకణాల సంచి 2 నుంచి 6 డిగ్రీల మధ్య ఉండాలి. బయటికి తీసి 30 నిమిషాలు దాటితే బ్లడ్ బ్యాంకు దాన్ని తిరిగి స్టాకులో పెట్టుకోదు. ఒకసారి ఆపరేషన్ ఆలస్యమైతే, ఎవరో మంచి మనసుతోనే సంచిని వార్డు ఫ్రిజ్‌లో పెట్టారు. ఆ ఫ్రిజ్ ఎంత చల్లగా ఉందో చూసేవాళ్లు లేరు. సంచి పారేయాల్సి వచ్చింది. నకిరేకల్ నుంచి బస్సెక్కి వచ్చి ఇచ్చిన ఒక పిల్లాడి రక్తం అది. అప్పటి నుంచి థియేటర్ వాళ్లు "ఇప్పుడు పంపండి" అంటేనే సంచి కదిలేది, బాగా రక్తం పోతున్న కేసైతే తప్ప ఒకసారికి ఒకటే. డెంగీ రోజుల్లో ఇంకో జాగ్రత్త: ప్లేట్‌లెట్లు ఉండాల్సింది 20 నుంచి 24 డిగ్రీల్లో. అలవాటు కొద్దీ ఐసు డబ్బాలో వేసేస్తారు, వేయనివ్వకండి.

పేర్లు కూడా. మా వార్డులో ఒకేసారి ముగ్గురు యాదమ్మలు ఉన్న రోజులున్నాయి. పేరు, మంచం నంబరు నమ్మకుండా ఐపీ నంబరు (ఆసుపత్రిలో చేర్చుకున్నప్పుడు ఇచ్చేది) చదివి ఇవ్వాలి, లేబుల్ మంచం పక్కనే అంటించాలి.

మందులకు ఇంత అవసరం లేదు. పొద్దున, సాయంత్రం ఇండెంట్ (కావాల్సిన మందుల చీటీ) పెట్టి, అడ్రినలిన్, అట్రోపిన్ లాంటివి వార్డు ఎమర్జెన్సీ ట్రాలీలోనే ఉంచి రోజూ లెక్క చూస్తే చాలు.

ఇక న్యూమాటిక్ ట్యూబ్. అది మంచిదే, నేను వ్యతిరేకిని కాను. కానీ అది తగ్గించేది ఆ నాలుగైదు నిమిషాల నడకను. అవతల క్యారియర్ (గొట్టంలో వెళ్లే డబ్బా) తెరిచేవాళ్లు లేకపోతే శాంపిల్ ట్రేకు బదులు బుట్టలో పడి ఉంటుంది. పెట్టిస్తే మాత్రం మొదట ఒకే పేషెంటు రక్తం రెండు ట్యూబుల్లో తీసి, ఒకటి చేత్తో, ఒకటి గొట్టంలో పంపి పొటాషియం, ఎల్‌డీహెచ్ (కణాల లోపల ఉండే ఒక ఎంజైము) పోల్చండి. కుదుపుకు కణాలు పగిలితే ఆ రెండూ అబద్ధంగా పెరుగుతాయి. ఏబీజీ (ధమని రక్తంలో ఆక్సిజన్ లాంటి వాయువులు చూసే పరీక్ష) సిరంజిలో గాలి బుడగ ఉంటే ఆక్సిజన్ విలువ తప్పు వస్తుంది, కాబట్టి బుడగ పూర్తిగా తీసేయాలి, కుదిరితే చేత్తోనే పంపాలి. వెన్నునీరు, బయాప్సీ ముక్క లాంటి మళ్లీ తీయలేనివి ఎప్పుడూ మనిషి చేతే పంపండి. కరెంటు పోయినప్పుడు, క్యారియర్ ఇరుక్కున్నప్పుడు ఎవరు పరుగెత్తాలో ముందే పేరు రాసి పెట్టండి.

ముందు కాజువాలిటీ నుంచి ల్యాబుకు వెళ్లే దారి ఒక్కటే తీసుకోండి. ఒక వారం మూడు టైములూ రాయించండి, రాత్రి డ్యూటీవి తప్పకుండా. ఆ అంకెలు నాకు రాస్తే, ఏ చోట ఆగుతున్నాయో కలిసి చూద్దాం.