గుడ్ల గూట్లో ఊక వద్దు, వరిగడ్డి వేయండి

నమస్తే అండీ. గూట్లో ఊక పోస్తే కోళ్లు చిమ్మేస్తున్నాయి, గుడ్లు అడుగు చెక్కకు తగిలి పగులుతున్నాయి అన్నారు కదా. ఊక కింద నేల మీద పరచడానికి బాగుంటుంది కానీ గూట్లో నిలవదు. వరిగడ్డిని జానెడు ముక్కలుగా కోసి నాలుగు అంగుళాల మందాన వేయండి. కోడి కూర్చుని అటూ ఇటూ తిరుగుతుంటే గడ్డి దానంతటదే గిన్నెలా కుదురుకుంటుంది. గూటి ముందు నాలుగైదు అంగుళాల చెక్క అడ్డం కొడితే బయటికి రాలదు. సన్న రంపపు పొట్టు మాత్రం వాడకండి, ఆ దుమ్ము కోళ్ల ఊపిరికి మంచిది కాదు.

మన హైదరాబాద్‌లో వానాకాలం గడ్డి త్వరగా బూజు పడుతుంది. గుప్పెడు తీసి వాసన చూడండి, ముక్కిన వాసన వస్తే మొత్తం మార్చేయండి. సొన అంటిన గడ్డి అదే రోజు తీసేయాలి. లేదంటే కోళ్లు గుడ్లు పొడుచుకు తినడానికి మరుగుతాయి, ఆ అలవాటు మాన్పించడం చాలా కష్టం.