“ఒక్క గోలే కదరా” అంటే కాదనలేకపోతున్నాను

ప్రశ్న: మేడమ్, నాకు 20 ఏళ్లు. మాది పరకాల దగ్గర పల్లె. హన్మకొండలో బీటెక్ మూడో సంవత్సరం చదువుతూ హాస్టల్‌లో ఉంటున్నాను. నాకు ఏడీహెచ్‌డీ (ధ్యాస నిలవని సమస్య) ఉందని పోయినేడు డాక్టర్ చెప్పి మిథైల్‌ఫెనిడేట్ రాశారు. పొద్దున ఒకటి, మధ్యాహ్నం ఒకటి. అప్పటి నుంచి చదువు కొంచెం దారిలో పడింది. మిడ్స్‌కు ముందు మా రూమ్మేట్ “నాకొకటియ్యిరా, రాత్రంతా చదవాలె” అన్నాడు, ఇచ్చాను. తర్వాత పక్క రూమ్‌వాళ్లు అడిగారు. ఒక సీనియర్ మూడు గోలీలకు 600 రూపాయలు ఫోన్‌పే కొట్టాడు. దాంతో పోయిన నెల నా గోలీలు ఎనిమిది రోజుల ముందే అయిపోయాయి, ల్యాబ్ ఇంటర్నల్ పాడైంది. మొన్న పరీక్ష ముందు రాత్రి రూమ్మేట్ రెండు వేసుకున్నాడు. ఒంటిగంటకు లేపి “నా గుండె చూడు” అన్నాడు. చెయ్యి పెడితే దడదడ కొట్టుకుంటోంది, చెమటలు. అయినా రాబోయే సెమ్‌కు మళ్లీ అడుగుతున్నాడు. నాకు డెంగీ వచ్చినప్పుడు మూడు రాత్రులు దవాఖానలో నా పక్కన కూర్చున్నది వాడే. వాళ్లమ్మ సర్వపిండి పంపితే సగం నాకే పెడతాడు. వాడికి ఎట్లా కాదనను? ఈ మందుల సంగతి మా బాపుకు తెలియదు.

జవాబు: తమ్ముడూ, నీ ఉత్తరం రెండుసార్లు చదివాను. నువ్వు అడిగింది వాడిని ఎట్లా కాదనాలి అని. నా కన్ను మాత్రం ఆ ఎనిమిది రోజుల దగ్గర ఆగింది. జ్వరం గోలీ ఇంట్లో నాలుగు ఎక్కువే ఉంటాయి, ఎవరడిగినా ఇస్తాం. ఇది అట్లాంటిది కాదు. నెలకు సరిపడా లెక్కపెట్టి రాసిన మందు. వాడికి ఇచ్చిన ప్రతి గోలీ నీ ఒక పూటలోంచి తీసిందే. నువ్వు పంచింది మిగులు కాదు, నీ ల్యాబ్ ఇంటర్నల్.

నీకు ఈ మందు రాసేముందు డాక్టర్ ఏమేం అడిగారో గుర్తు తెచ్చుకో. చిన్నప్పుడు బళ్లో ఎట్లా ఉండేవాడివి, పన్నెండేళ్లలోపే ఈ లక్షణాలు ఉన్నాయా, ఒక్క చదువులోనేనా, ఇంట్లోనూ అంతేనా అని అడిగి ఉంటారు. బీపీ, నాడి, బరువు చూసి ఉంటారు. ఇంట్లో ఎవరికైనా గుండెజబ్బు ఉందా, చిన్న వయసులో హఠాత్తుగా పోయినవాళ్లు ఉన్నారా అని కూడా అడుగుతారు. చిన్న డోసుతో మొదలుపెట్టి, నీ ఒంటికి ఎంత సరిపోతుందో చూసుకుంటూ పెంచుతారు. మీ రూమ్మేట్‌కు ఇవేవీ జరగలేదు. నీ ఒంటికి కొలిచిన చొక్కా వాడు అర్ధరాత్రి చీకట్లో తొడుక్కున్నాడు, అదీ రెండు ఒకదానిమీద ఒకటి.

వాడి గుండె అట్లా కొట్టుకోవడంలో వింతేమీ లేదు. ఈ మందు మెదడులో డోపమైన్, నారడ్రినలిన్ అనే రెండు రసాయనాలను ఎక్కువసేపు నిలబెడుతుంది. ధ్యాస నిలవడానికి కారణం అదే, నాడి, బీపీ పెరగడానికి కారణమూ అదే. దీన్ని మొదట తయారుచేసిన స్విట్జర్లాండ్ కెమిస్ట్ భార్య పేరు రీటా. ఆమెకు బీపీ తక్కువట, టెన్నిస్ ఆడేముందు ఇది వేసుకునేదని చెబుతారు. ఈ మందుకు పెట్టిన రిటాలిన్ అనే బ్రాండు పేరు ఆమె మీదుగానే వచ్చింది. బీపీ తక్కువున్న మనిషికి హుషారిచ్చిన మందు, మామూలు బీపీ ఉన్న ఇరవై ఏళ్ల పిల్లవాడు నిద్ర మానుకుని రెండేసి వేసుకుంటే ఏం చేస్తుందో నువ్వు చేత్తో తాకి చూశావు. లోపల గుండెలో చిన్న తేడా ఉండి, అది వాడికే తెలియకపోతే ఆ రాత్రి చెమటలతో ఆగేది కాదేమో.

ఇక అసలు ఆశ సంగతి. ఇది వేసుకుంటే చదువు బాగా ఎక్కుతుందని కదా హాస్టల్‌లో నమ్మకం. అసలేమీ చేయదని నేను చెబితే మీరెవరూ నమ్మరు, అది నిజం కూడా కాదు. మెలకువ ఉంటుంది, కుర్చీలోంచి లేవబుద్ధి కాదు, “మస్తు చదివిన” అనిపిస్తుంది. ఆ అనిపించడంలోనే మెలిక ఉంది. ఆస్ట్రేలియాలో మెల్‌బోర్న్ యూనివర్సిటీ వాళ్లు ఏ జబ్బూ లేని 40 మందితో చేసిన ప్రయోగం 2023లో వచ్చింది. సంచి ఇంత బరువే మోస్తుంది, ముందర ఇన్ని వస్తువులున్నాయి, ఏవి వేస్తే ఎక్కువ విలువ వస్తుంది, ఇట్లాంటి లెక్కలు ఇచ్చారు. మనింట్లో పెళ్లికి పోయేముందు సూట్‌కేసు సర్దే పంచాయితీ అనుకో. మిథైల్‌ఫెనిడేట్ వేసుకున్నప్పుడు వాళ్లు ఎక్కువసేపు కష్టపడ్డారు, వస్తువులు తీసి పెట్టి తీసి పెట్టి ఎక్కువ తంటాలు పడ్డారు. చివరికి సంచిలోకి వచ్చిన విలువ మాత్రం మందు లేని ఉత్తి గోలీ వేసుకున్నప్పటికంటే తగ్గింది. మామూలుగా బాగా చేసేవాళ్లే ఎక్కువ జారారు. పైగా పగలు చదివింది గుర్తుండిపోయేది రాత్రి నిద్రలో. ఆ నిద్రనే అమ్మేసి సిలబస్ కొన్నాడు మీవాడు.

(మా కాలంలో మగపిల్లలు రాత్రి ఒంటిగంటకు కాజీపేట స్టేషన్ దాకా నడిచిపోయి టీ తాగొచ్చి చదివేవాళ్లు. తెల్లారి హాల్లో సగం మంది తూగేవాళ్లు. నిద్ర మానే తెలివితక్కువతనం మీతో మొదలైందేమీ కాదు. కాకపోతే ఆ టీకి గుండె ఇంత దడదడలాడేది కాదు.)

ఇంకో మాట వాడు అని ఉంటాడు, అనకపోతే రేపు అంటాడు: “నాకు పని చేసింది కదా, అంటే నాకు గూడ ఏడీహెచ్‌డీ ఉన్నట్టే.” కాదు. ఈ మందు వేసుకుంటే ఎవరికైనా చురుకొస్తుంది. మందు పని చేయడం జబ్బుకు పరీక్ష కాదు. నిజంగా ఉందేమోనని అనుమానముంటే సైకియాట్రిస్ట్ దగ్గరికి పోవాలి. వరంగల్ ఎంజీఎం సర్కారు దవాఖానలో సైకియాట్రీ ఓపీ ఉంది, డబ్బుల భయం అక్కర్లేదు. ఉంటే వాడి చీటీ వాడికి వస్తుంది. లేకపోతే ఏం లేదో తెలుస్తుంది. చాలాసార్లు అది నిద్రలేమి, బెంగ, లేదంటే ఒంటరితనం అయి ఉంటుంది.

ఆ 600 రూపాయల గురించి మెత్తగా మాట్లాడలేను. మిథైల్‌ఫెనిడేట్ 1985 నాటి ఎన్‌డీపీఎస్ (మత్తుమందుల) చట్టం కింద సైకోట్రోపిక్, అంటే మనసు మీద పనిచేసే మందుల జాబితాలో ఉంది. గంజాయి కేసులు పెట్టేది కూడా ఈ చట్టం కిందే. మందుల షాపులకైతే ఇది షెడ్యూల్ ఎక్స్. వేరే లైసెన్సు ఉన్న షాపే అమ్మాలి, చీటీ రెండు ప్రతులు ఉండాలి, ఒకటి షాపువాళ్లు రెండేళ్లు దాచాలి. నీ గోలీల కోసం షాపు షాపు తిరగాల్సి వచ్చేది అందుకే. లైసెన్సున్న షాపుకే ఇన్ని కట్టుబాట్లుంటే, హాస్టల్ రూమ్‌లో అమ్మినవాడిని ఏమంటారో నువ్వే ఆలోచించు. నువ్వు దాన్ని సాయం అనుకున్నావు. చూసేవాళ్లు ఫోన్‌పేలో నీ పేరు, వాట్సాప్‌లో “ఇంకా ఉన్నయా బ్రో” అన్న మెసేజ్ చూస్తారు. ఊరికే ఇచ్చినా తప్పే, డబ్బు తీసుకోవడం ఇంకా పెద్ద తప్పు. ఇంతటితో ఆపెయ్. ఆ సీనియర్ డబ్బులు వాడికి తిరిగి ఇచ్చెయ్. “ఇంక నా దగ్గరికి రాకన్నా” అని ఒక్క ముక్కలో చెప్పు, కారణాలు చెబుతూ కూర్చోకు. ఆయనతో నీకు మూడు రాత్రుల రుణమేమీ లేదు.

మరి రూమ్మేట్? ఇక్కడ నిదానంగా ఆలోచిద్దాం, ఎందుకంటే నీకు కష్టంగా ఉన్నది ఇక్కడే.

“అయిపోయినయ్‌రా” అని అబద్ధం చెప్పాలని నీకు అనిపిస్తుంది. చెప్పకు. వచ్చే నెల నువ్వు స్ట్రిప్పు తెచ్చుకున్న రోజే వాడు మళ్లీ చెయ్యి చాపుతాడు. అప్పుడు ఇంకో అబద్ధం కావాలి, చివరికి గోలీలు దాచుకుని నీ రూమ్‌లో నువ్వే దొంగలాగా ఉండాల్సి వస్తుంది. “డాక్టర్ తిడతడు” అని కూడా అనకు. అప్పుడు వాడికి డాక్టర్‌ను ఎట్లా దాటాలన్న ఆలోచన వస్తుంది. నువ్వు చూసిందే చెప్పు. ఇట్లా అనొచ్చు: “రేయ్, నీకు ఇంక ఇయ్య. నీ మీద కోపం కాదు. ఆ రాత్రి నీ గుండె మీద చెయ్యి పెట్టి చూసిన. పొద్దుగాల నువ్వు లేస్తవో లేవవోనని భయమైంది నాకు. నాకు జ్వరమొస్తే నువ్వు మూడు రాత్రులు కూసున్నవ్, అట్లాంటోనికి నా చేత్తోని నేను ఇయ్యలేను.” నీ మాటల్లో మార్చుకో. పరీక్ష ముందు రాత్రి వాడు గాబరాలో ఉన్నప్పుడు మాత్రం కాదు, ఈ సాయంత్రమే, వీలైతే రూమ్ బయట, నడుస్తూ. వడ్డేపల్లి చెరువు కట్ట మీదికి తీసుకుపో. ఎదురెదురుగా కూర్చుని మగపిల్లలు మాట్లాడలేని మాటలు పక్కపక్కన నడుస్తూ మాట్లాడతారు, నా దగ్గరికి వచ్చేవాళ్లలో ఇది చాలాసార్లు చూశాను.

వాడు అలుగుతాడు. “ఒక్క గోలీకి ఇంత చేస్తవా” అంటాడు. రెండు మూడు రోజులు సర్వపిండి డబ్బా నీ వైపు జరగకపోవచ్చు. జరగనీ. నువ్వు వాళ్లింటి తిండి తిన్నావు కదా, ఒక మాట అడుగుతాను. ఆ రాత్రి వాడికేమైనా అయ్యుంటే వాళ్లమ్మ ముందు నువ్వు ఏ మొహంతో నిలబడేవాడివి? నిన్ను బెదిరించడానికి అడగడం లేదు. రుణం ఎవరికి ఉందో చూసుకోమంటున్నాను.

కాదన్న చేత్తోనే ఇంకేదో ఇవ్వాలి, లేకపోతే వాడికి మిగిలేది నీ “నో” ఒక్కటే. వాడికి ఎన్ని బ్యాక్‌లాగ్‌లు ఉన్నాయి? ఏ సబ్జెక్టు గుదిబండ? నువ్వు రాయలేదు, బహుశా నువ్వూ అడిగి ఉండవు. అడుగు. పాత ప్రశ్నపత్రాలు ముందేసుకుని ఇద్దరూ ఒకే బల్ల దగ్గర నలభై నిమిషాలు కూర్చోండి, ఫోన్లు మంచం మీద బోర్లా పడేసి. పక్కన ఇంకొకరు పని చేసుకుంటూ ఉంటే తన పనీ సాగుతుందని ఏడీహెచ్‌డీ ఉన్నవాళ్లు చాలామంది చెబుతారు, కాబట్టి ఇందులో నీకూ లాభమే. పన్నెండున్నరకు లైటు ఆర్పేయాలని ఒప్పందం పెట్టుకోండి. రేపు పరీక్ష ఉన్నా సరే.

వాడు వేరే చోట నుంచి తెచ్చి వేసుకున్నాడనుకో, మళ్లీ ఛాతీలో నొప్పి, ఊపిరి ఆడకపోవడం, కళ్లు తిరగడం, లేదంటే లేనివి వినపడుతున్నాయనడం, ఎవరో వెంటపడుతున్నారనడం కనిపిస్తే తెల్లారేదాకా చూద్దాం అనుకోకు. 108కి ఫోన్ చెయ్, ఏ గోలీ, ఎన్ని, ఎన్ని గంటలకు వేసుకున్నాడో ఉన్నదున్నట్టు చెప్పు. పేరు దాస్తే వాడికే నష్టం. మాట్లాడటానికి మనిషి కావాలంటే సర్కారు మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ 14416, తెలుగులోనూ మాట్లాడతారు, ఖర్చు లేదు. ఈ గోలీలు అలవాటైపోయాయనిపిస్తే వ్యసనం మాన్పించే హెల్ప్‌లైన్ 14446.

నీ గోలీలు ఇంక అల్మారా మీద ఉండొద్దు. తాళమున్న పెట్టెలో పెట్టు, తాళంచెవి మెడలో దారానికో జేబులోనో. మధ్యలో పూటలు తప్పాయని రెండు కలిపి వేసుకోకు. ఒక రోజు మానితే ప్రాణం మీదికేం రాదు, కానీ తప్పిన పూటను మర్నాటితో పూడ్చలేవు.

బాపు సంగతి. “పిచ్చి మందులు మింగుతున్నడు” అంటారని నీ భయం అనుకుంటాను. మిర్చి చేనులో ఏ తెగులుకు ఏ మందు, ఎంత మోతాదు, ఎన్ని రోజుల ఎడం అని మన ఊళ్లలో రైతులకు చెప్పక్కర్లేదు. పక్క చేనుకు కొట్టిన మందు మన చేనుకు కొట్టరనీ వాళ్లకు తెలుసు. ఆ భాషలో చెబితే నువ్వు అనుకున్నదానికంటే తొందరగా అర్థమవుతుంది. పండక్కి ఊరికి పోయినప్పుడు ముందు అమ్మకో అక్కకో చెప్పి, తర్వాత ఒకసారి బాపును డాక్టర్ దగ్గరికి నీతోపాటు తీసుకురా. నెలనెలా పుస్తకాలకనో దేనికో అని డబ్బులు అడుగుతున్నావేమో, అవి నిజానికి దేనికో ఆయనకు తెలిస్తే నీకూ ఊపిరి తేలికవుతుంది.

అంతకంటే ముందు డాక్టర్‌కు నిజం చెప్పాలి. ఇన్ని గోలీలు ఇచ్చాను, ఇన్ని రోజులు వేసుకోలేదు, ఒకసారి డబ్బు తీసుకున్నాను అని. కోప్పడొచ్చు, పడనీ. మందు పని చేయలేదనుకుని ఆయన డోసు పెంచితే అది ఇంకా చేటు. మధ్యాహ్నం గోలీ అక్కర్లేకుండా పొద్దున ఒక్కటే వేసుకునే రకం ఉంది, అసలు ఈ కోవకే చెందని అటమాక్సిటిన్ లాంటి మందులూ ఉన్నాయి. నీకు ఏది సరిపోతుందో ఆయన చూస్తారు. పోయేటప్పుడు చీటీతోపాటు ఖాళీ స్ట్రిప్పులు కూడా పట్టుకుపో.